సంతకం క్రింద దాగిన తప్పు

సూరారంలో తెల్లవారితే చాలు, దుండిగల్ వైపు నుంచి శిక్షణ విమానాల చప్పుడు వినిపిస్తుంది. నర్సాపూరు రోడ్డు మీద లారీల హోరు, జీడిమెట్ల కర్మాగారాల సైరన్లు, వాటి పైన సన్నగా తిరిగే ఆ ఇంజను మోత. ఇన్నేళ్ళుగా వింటున్నా మేడ మీదికి వెళ్ళి తల ఎత్తి చూసే అలవాటు నాకు పోలేదు. 1971 నుంచి వాయుసేన అకాడమీ అక్కడ పైలట్లను తయారు చేస్తున్నది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఇరవై ఏళ్ళ పిల్లలు మా ఆకాశం మీదనే ఎగరడం నేర్చుకుంటారు.

ఆ చప్పుడు భయపెట్టిన రోజులు కూడా ఉన్నాయి. 2009 జూలై 31న మెదక్ జిల్లాలో హెచ్‌పీటీ-32 దీపక్ విమానం కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. ఆ తరువాత ఆ రకం విమానాలన్నిటినీ నేలకు దించేశారు. 2013లో వాటి స్థానంలో స్విట్జర్లాండుకు చెందిన పిలాటస్ పీసీ-7 విమానాలు వచ్చాయి. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర అటువంటి విమానం ఒకటి కూలి మరో ఇద్దరు పోయారు. ఆ ప్రమాదాల కారణాల జోలికి నేను పోవడం లేదు. అయితే అప్పటి నుంచి విమానం కనిపించినప్పుడల్లా, నడిపేవాడి కంటె ముందు నిన్న రాత్రి దానిని విప్పి బిగించినవాడు గుర్తుకు వస్తున్నాడు. ఆ బిగించినవాడి జాతి నాది. విమానాల శాఖ కాదు. కర్మాగారంలో యంత్రాల నిర్వహణ చూసిన చిన్న ఉద్యోగిని, అంతే. ఈ టపా వ్రాయడానికి నాకున్న అర్హత అదొక్కటే. ఇంకొకటి కూడా ఉన్నది, దాని సంగతి చివరలో చెబుతాను.

విమానానికి పెద్ద మరమ్మతు జరిగిన తరువాత, లేక అద్దె ముగిసి ఒక సంస్థ నుంచి ఇంకొక సంస్థకు చేతులు మారేటప్పుడు, ప్రయాణికులు లేకుండా ఒకసారి ఎగరవేసి చూస్తారు. ఇది పరీక్షా ప్రయాణం. వినడానికి ఎంతో నిశ్చింతగా ఉంటుంది. తప్పు ఏదైనా ఉంటే అక్కడ బయటపడుతుంది కదా! నా అభిప్రాయం దీనికి కొంచెం ఎదురుగా ఉన్నది. తప్పును కనిపెట్టే పని పరీక్షా ప్రయాణానిది కాదు. తప్పు లేదని నేల మీదనే తేల్చుకున్న తరువాత దానిని నిర్ధారించుకోవడం మాత్రమే దాని పని. ఈ తేడా చెరిగిపోయిన చోటల్లా మనుషులు చనిపోయారు, లేదా వెంట్రుకవాసిలో బయటపడ్డారు.

1947 ఆగస్టు 23. మనకు స్వాతంత్ర్యం వచ్చి వారం దాటింది. ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గరి వుడ్‌ఫర్డ్ విమానాశ్రయం నుంచి ఏవ్రో ట్యూడర్ అనే విమానం పరీక్ష కోసం లేచింది. అందులో రాయ్ చాడ్విక్ ఉన్నాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన లాంకాస్టర్ బాంబర్‌కు రూపకల్పన చేసినవాడు ఆయనే. ట్యూడర్ కూడా ఆయన బిడ్డే. నేల వదిలిన కొద్ది క్షణాలకే విమానం ప్రక్కకు ఒరిగి కూలిపోయింది. చాడ్విక్‌తో సహా నలుగురు మరణించారు. నిర్వహణ పనులలో ఐలరాన్ల తీగెలను అటుదిటు, ఇటుదటు కలిపారని విచారణలో తేలింది. ఐలరాన్లు అంటే రెక్కల చివరలలో పైకీ క్రిందికీ కదిలే పలకలు. విమానం కుడికి వంగాలో ఎడమకు వంగాలో చెప్పేవి అవే. తీగెలు తారుమారైతే పైలట్ ఎడమకు త్రిప్పినకొద్దీ విమానం కుడికి వాలుతుంది. అతడు సరిదిద్దే ప్రతి ప్రయత్నమూ తప్పును పెంచుతుంది. ఇంత పెద్ద యంత్రాన్ని ఊహించి, గీసి, నిర్మించినవాడు రెండు తీగెల తారుమారుకు బలి కావడం చదివినప్పుడు చాలా సేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

అది పాత కాలం, ఇప్పుడు అన్నీ కంప్యూటర్లే కదా అనుకోవద్దు. 2001 మార్చి 20న ఫ్రాంక్‌ఫర్టులో లుఫ్తాన్సా వారి ఎయిర్‌బస్ ఏ320 ప్రయాణికులతో లేచింది. మరమ్మతులో కెప్టెన్ వైపు సైడ్‌స్టిక్‌కు సంబంధించిన తీగెలు తారుమారయ్యాయి. గాలికి విమానం ఎడమకు ఒరిగింది. కెప్టెన్ కుడికి త్రిప్పాడు. అది ఇంకా ఎడమకే ఒరిగింది. రెక్క చివర నేలకు సుమారు అర మీటరు దూరానికి వచ్చింది. సహపైలట్ సైడ్‌స్టిక్ సవ్యంగా ఉండటం, అతడు క్షణంలో నియంత్రణను తన చేతిలోకి తీసికొనడం వలన అందరూ బ్రతికారు. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. హ్యాంగర్‌లో తనిఖీ జరిగింది. బయలుదేరే ముందు పైలట్ల తనిఖీ కూడా జరిగింది. పలకలు కదిలాయి. ఎటు కదిలాయో ఎవరి కంటా పడలేదు.

2018 నవంబరు 11న పోర్చుగల్‌లోని అల్వెర్కాలో మళ్ళీ అదే కథ. ఎయిర్ అస్తానా వారి ఎంబ్రేయర్ 190 విమానం నెల రోజులకు పైగా సాగిన పెద్ద మరమ్మతు ముగించుకొని, ఆరుగురు సిబ్బందితో బయలుదేరింది. ఐలరాన్ల తీగెలు తారుమారు. మేఘాలలో విమానం పిచ్చి పట్టినట్టు తిరగసాగింది. సముద్రంలో దించుదామా అని ఆలోచించే దాకా వచ్చారు పైలట్లు. చివరకు పోర్చుగల్ వాయుసేన యుద్ధ విమానాలు తోడు రాగా, బేజా అనే చోట మూడవ ప్రయత్నంలో నేలకు దిగారు. ఎవరూ చనిపోలేదు గాని, ఆ విమానం మళ్ళీ ఎగరలేదు. ఈ కథలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన భాగం ఆకాశంలోది కాదు, నేల మీదిది. ఆ మరమ్మతు కాలంలోనే నియంత్రణ వ్యవస్థలో ఏదో తేడా ఉన్నదని విమానం తెర మీద హెచ్చరిక చూపించింది. రోజుల తరబడి దాని కారణం వెదికారు. హెచ్చరికను పోగొట్టడం మీదనే అందరి దృష్టి నిలిచింది. అది ఏమి చెబుతున్నదో మాత్రం ఎవరూ వినలేదు.

1947 నుంచి 2018కి 71 సంవత్సరాలు. తప్పు మాత్రం అదే.

ఇక పరీక్షా ప్రయాణాల గురించి మాట్లాడుకునే ప్రతివారూ ప్రక్కప్రక్కన పెట్టి చదవవలసిన రెండు నివేదికలున్నాయి. వాటి మధ్య ఉన్న దూరం ఏడు వారాలు మాత్రమే.

మొదటిది 2008 నవంబరు 27, ఫ్రాన్సులోని పెర్పిన్యాన్ దగ్గర జరిగింది. ఎయిర్ న్యూజిలాండ్ ఒక ఏ320ని జర్మనీ సంస్థకు అద్దెకిచ్చి తిరిగి తీసికొంటున్నది. కొత్త రంగులు వేయించారు. రంగుకు ముందు, మూడు రోజుల క్రితం, విమానాన్ని నీళ్ళతో కడిగారు. ముక్కు దగ్గర గాలి ఏ కోణంలో తగులుతున్నదో కొలిచే చిన్న సాధనాలుంటాయి. వాటిని కప్పకుండా కడగడంతో నీరు లోపలికి చేరింది. ఎత్తుకు వెళ్ళాక ఆ నీరు గడ్డ కట్టింది. మూడు సాధనాలలో రెండు ఒకే కోణం దగ్గర బిగుసుకుపోయాయి. మూడవది సరిగానే పనిచేస్తున్నది. కానీ కంప్యూటరు లెక్కలో ఇద్దరి మాట ఒక్కరి మాట కంటె గొప్పది! ఇద్దరు దొంగసాక్షులు ఒకే అబద్ధం చెప్పేసరికి నిజం చెప్పిన ఒక్క సాక్షిని బయటికి గెంటారు.

ఇది తెలియని పైలట్లు, వేగం బాగా తగ్గితే విమానం తనను తాను ఎలా కాపాడుకుంటుందో చూద్దామని పరీక్ష మొదలుపెట్టారు. పది వేల అడుగులకు పైన చేయవలసిన పరీక్ష అది. రద్దీ వలన ముందుగా అనుకున్న పద్ధతిలో పరీక్షలు జరిపే వీలు దొరకలేదు. తిరిగి దిగుతూ, మూడు వేల అడుగుల ఎత్తులో, అప్పటికప్పుడు చేశారు. కాపాడవలసిన రక్షణ మేలుకోలేదు. విమానం సముద్రంలో పడింది. ఏడుగురూ మరణించారు.

రెండవది 2009 జనవరి 12, ఇంగ్లండులో నారిచ్‌కు పశ్చిమాన జరిగింది. ఈజీజెట్ వారి బోయింగ్ 737 ఒకటి అద్దె ముగించుకొని వెనక్కి వెళ్ళబోతున్నది. హైడ్రాలిక్ సాయం ఆపివేసి చేతిబలంతో నడపగలమా అని చూసే పరీక్ష. అంతకు ముందు ఎగరవేసినప్పుడు తోకలోని ఎలివేటర్‌కు సంబంధించిన ఒక చిన్న పలకను కొంచెం సవరించాలని తేలింది. ఆ మాట పైలట్ నుంచి పనివారి దాకా చేరే దారిలో అర్థం మారిపోయింది. సవరణ జరిగింది, అయితే తలక్రిందుగా. పరీక్ష మొదలు కాగానే విమానం ముక్కు క్రిందికి దూకింది. పదిహేను వేల అడుగుల నుంచి సుమారు 5,600 అడుగుల దాకా జారిపోయి, అక్కడ పైలట్ల అదుపులోకి వచ్చింది. లోపలున్న నలుగురూ క్షేమం.

రెండింటిలోనూ తప్పు నేల మీదనే జరిగింది. రెండింటిలోనూ కాగితాల మీద అంతా సవ్యం. ఒక చోట నలుగురు ఇంటికి వెళ్ళారు, ఇంకొక చోట ఏడుగురు వెళ్ళలేదు. పైలట్ల నేర్పులో తేడాను నేను కొలవలేను, కొలవనక్కరలేదు కూడా. కంటికి కనిపించే తేడా ఎత్తు. తప్పు జరిగినా సరిదిద్దుకోవడానికి క్రింద తొమ్మిది వేల అడుగుల ఖాళీ ఉన్నది ఒకరికి. ఇంకొకరికి లేదు.

ఇంతకూ తప్పు ఎందుకు దాగుతుంది? నాకు తోచిన మూడు కారణాలు చెబుతాను.

మొదటిది, మనం తనిఖీలో అడిగే ప్రశ్న. "కదులుతున్నదా?" అని అడుగుతాం, "ఎటు కదులుతున్నది?" అని అడగం. రెండవది, నోటి మాట. "కొంచెం సవరించండి" అన్న మాటలో దిక్కు లేదు. వ్రాసి, బొమ్మ గీసి, విన్నవాడి చేత తిరిగి చెప్పించుకొంటే తప్ప ఆ మాటకు దిక్కు రాదు. మూడవది అన్నిటి కంటె లోతైనది: తరువాత ఇంకొకరు చూస్తారులే అన్న ధైర్యం. బిగించినవాడు తనిఖీదారుని నమ్ముతాడు. తనిఖీదారు బిగించినవాడి అనుభవాన్ని నమ్ముతాడు. ఇద్దరూ కలిసి పరీక్షా ప్రయాణాన్ని నమ్ముతారు. పైలట్ ఆ ఇద్దరి సంతకాలను నమ్ముతాడు. ఇంతమంది నమ్మకం ఒకదాని మీద ఒకటి పేర్చినా, అడుగున ఒక్క చూపు కూడా లేకపోవచ్చు. తిలా పాపం తలా పిడికెడు అన్న సామెతను మనం పాపం పంచుకోవడానికే వాడతాం. బాధ్యతకు కూడా అది అంతే చక్కగా అతుకుతుంది.

పరీక్షా ప్రయాణం పట్టుకోలేని తప్పులూ ఉన్నాయి. 1978లో ఒసాకాలో తోక నేలకు రాసుకున్న ఒక జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747కు చేసిన మరమ్మతులో, ఒక అతుకు దగ్గర రెండు వరుసల రివెట్లు పట్టవలసిన బలాన్ని ఒక వరుసే మోసింది. ఏడేళ్ళు ఎగిరింది ఆ విమానం. 1985 ఆగస్టు 12న తెగింది. 520 మంది మరణించారు. ఒక పూట ఎగరవేసి చూస్తే బయటపడే తప్పు కాదది. బిగించిన రోజున, మూత వేయక ముందు, దీపం పట్టుకొని ఇంకొకరు చూస్తే మాత్రమే కనబడే తప్పు.

అయితే పరీక్షా ప్రయాణాలు వద్దంటావా అని మీరడగవచ్చు. అననే అనను. నారిచ్ దగ్గర ఆ నలుగురు ఎగరకపోతే, ఆ తలక్రిందుల సవరణ ఏదో ఒక రోజు నిండు విమానంలో బయటపడే ప్రమాదం ఉండేది. కాబట్టి ఎగరాలి. కానీ తప్పు తప్పకుండా ఉన్నదనుకొని ఎగరాలి. తగిన ఎత్తు, తగిన స్థలం, ముందుగా వ్రాసుకున్న క్రమం, దానికై శిక్షణ పొందిన పైలట్లు. వీలు చిక్కనప్పుడు "రేపు చూద్దాం" అని దిగివచ్చే స్వేచ్ఛ కూడా కావాలి. ఐరోపాలో 2019 నుంచి ఇటువంటి ప్రయాణాలకు ప్రత్యేక నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఎవరు నడపాలి, ఎవరు ఎక్కవచ్చు, ఎలా సిద్ధం కావాలి అని వాటిలో ఉన్నది. రావలసిన మార్పే, ఆలస్యంగా వచ్చినా.

టెస్ట్ పైలట్ అంటే చావుకు తెగించినవాడన్న సినిమా ఊహ మనలో ఉన్నది. హైదరాబాదులో చదువుకొని అంతరిక్షం దాకా వెళ్ళి వచ్చిన రాకేశ్ శర్మ, ఆ తరువాత హిందుస్తాన్ ఏరోనాటిక్స్‌లో టెస్ట్ పైలట్‌గా చాలా ఏళ్ళు పనిచేశాడని ఎంతమందికి గుర్తున్నది? 2019 ఫిబ్రవరి 1న బెంగళూరులో, ఆధునికీకరించిన మిరాజ్ 2000ను అప్పగింతకు ముందు పరీక్షిస్తూ ఇద్దరు స్క్వాడ్రన్ లీడర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారి ధైర్యానికి నమస్కారం. అయితే వారి ధైర్యాన్ని మన అజాగ్రత్తకు బీమాగా వాడుకొనే హక్కు మనకు లేదు.

ఇక నా రెండవ అర్హత.

చాలా ఏళ్ళ క్రితం ఈ చుట్టుప్రక్కలనే ఒక చిన్న కర్మాగారంలో నిర్వహణ పర్యవేక్షకుడిగా ఉండేవాణ్ణి. దాని పేరు ఇక్కడ అనవసరం. ఒక ఆదివారం, బరువులెత్తే హాయిస్ట్‌కు కరెంటు తీగె మార్చాము. మా ఎలక్ట్రీషియన్ కుర్రవాడు ఉదయం నుంచి ఒంటరిగా నాలుగు పనులు చేస్తున్నాడు. సాయంత్రం "అయిందా?" అన్నాను. "అయింది సార్" అన్నాడు. బటన్ ఒక్క క్షణం నొక్కాను. మోటారు మ్రోగింది, కొక్కెం కదిలింది. రిజిస్టరులో "సరిచూడబడినది" అని వ్రాసి సంతకం పెట్టాను.

మూడు ఫేజులలో రెండు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. బోరు మోటారు ఉన్న రైతు ఎవరినడిగినా చెబుతాడు. సోమవారం ఉదయం ఆపరేటరు పెద్దాయన కొక్కెం దించుదామని క్రింది బటన్ నొక్కాడు. కొక్కెం పైకి పోయింది. "ఏంది సారూ, కిందికి నొక్కితే మీదికి పోతున్నది!" అని అరుస్తూనే, ఎవరైనా చేసే పనే చేశాడు, క్రింది బటన్‌నే ఇంకా గట్టిగా నొక్కాడు. కొక్కెం పై హద్దు చేరితే ఆపవలసిన లిమిట్ స్విచ్ ఒకటున్నది. అది ఆపేది పైకి లాగే కాంటాక్టర్‌ను. ఇక్కడ మోటారు పైకి లాగుతున్నది క్రిందికి దించే కాంటాక్టర్ ద్వారా. స్విచ్ తన పని తాను చేసింది, ఎవరికీ ఉపయోగం లేకుండా. కొక్కెం డ్రమ్ముకు గుద్దుకొని, ఇనుప తాడు తెగి, అంత బరువూ పెద్దాయన పాదం మీద పడింది. రెండు వేళ్ళు పోయాయి.

ఆయన కుడికి త్రిప్పిన కెప్టెన్, ఆ కొక్కెం ఎడమకు ఒరిగిన రెక్క. ఆ సంగతి నాకు ఎన్నో ఏళ్ళ తరువాత, ఫ్రాంక్‌ఫర్టు కథ చదివినప్పుడు తెలిసింది.

అంతకన్నా చెప్పవలసినది తరువాత జరిగినది. యాజమాన్యం విచారణ ఒక పూటలో ముగిసింది. తీగె కలిపింది ఎవరు? ఆ కుర్రవాడు. అతణ్ణి పంపించివేశారు. నా సంతకం అతని తప్పు క్రిందనే ఉన్నది. దానిని ఎవరూ చదవలేదు. నేనూ చదివి వినిపించలేదు. ఆ తరువాత నేనక్కడ ఉన్నన్నాళ్ళూ ఏ పనివాడూ తన తప్పు తానుగా వచ్చి చెప్పలేదు. తప్పులు ఆగిపోయి కాదు. చెప్పినవాడికి ఏమవుతుందో అందరూ చూశారు కనుక. యంత్రాలు అప్పటి నుంచే నిజంగా ప్రమాదకరమయ్యాయి.

శిక్ష లేకపోతే భయం ఉండదని వాదించేవారున్నారు. తెలిసి చేసిన మోసానికి, త్రాగి చేసిన పనికి శిక్ష ఉండాలి, కాదనను. కానీ అలసిన చేతి తప్పుకు శిక్ష వేస్తే చేయి జాగ్రత్తపడదు, నోరు మూతపడుతుంది. నోరు మూతపడిన హ్యాంగర్‌లో తప్పును కనిపెట్టేది చివరకు ఆకాశమే. విమాన ప్రమాదాల విచారణ నివేదికలు నింద వేయడం తమ ఉద్దేశం కాదని ముందే చెప్పుకుంటాయి. కనుకనే 2009లో నారిచ్ దగ్గర మాట ఎలా దారి తప్పిందో సూరారంలో కూర్చున్న నేను చదువుకోగలుగుతున్నాను. మన కర్మాగారాలలో, ఆసుపత్రులలో, లిఫ్టులలో, బడి బస్సులలో జరిగే తప్పులకు అటువంటి నివేదికలు ఎన్ని ఉన్నాయి? దసరాకు ప్రతి యంత్రానికీ పసుపూ కుంకుమా పెట్టి నిమ్మకాయ కడతాం. ఆ గౌరవంలో ఒక పాలు విప్పి బిగించే చేతికి ఇస్తే, రెండవ మనిషిని ప్రక్కన నిలబెడితే, "ఎటు కదిలింది?" అని ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే చాలు.

ఆ కుర్రవాడు ఇప్పుడెక్కడ ఉన్నాడో తెలియదు. అతనితో చెప్పవలసిన మాట ఆ రోజు చెప్పలేదు: తప్పు నీ ఒక్కడిది కాదు, చూడకుండా సంతకం పెట్టింది నేను. ఆలస్యంగానైనా ఇక్కడ వ్రాసి పెడుతున్నాను.

మిత్రులలో నిర్వహణ పనులు చేసినవారు, చూసినవారు ఉంటారు. మీ రిజిస్టర్లలో దాగినవి ఏమైనా ఉంటే వ్రాయండి. పేర్లు వద్దు, ఊర్లు వద్దు. జరిగినది ఎలా జరిగిందో చెబితే చాలు. ఎవరో ఒకరు రేపు బటన్ నొక్కే ముందు కొక్కెం వైపు చూస్తారు.